కడగకముందే స్కాన్ చెయ్యండి

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి నడుముదాకా వచ్చాయి. మంచం కింద ట్రంకుపెట్టెలో అమ్మానాన్నల పెళ్లి (1991, గుంటూరు) కలర్ నెగటివ్‌లు, తాతయ్య తీసిన బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లు ఉండేవి. పెళ్లి ఆల్బమ్ ముద్దయిపోతే పారేశాం. నెగటివ్‌లు మాత్రం డాబా మీద ఎండబెట్టి ఒక డబ్బాలో దాచాం. ఈమధ్య తీసి చూస్తే కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి, కొన్నిటి మీద తెల్లగా బూజు, తాతయ్యవాటిలో కొన్ని పుల్లటి వాసన వస్తున్నాయి. ఒక స్టూడియో ఆయన పనికిరావు పారేయమన్నాడు. ఇంకొకాయన శుభ్రంగా కడిగి స్కాన్ చేసిస్తాను, ఫ్రేముకు వంద రూపాయలు అన్నాడు. నాన్న పోయి ఎనిమిది నెలలైంది. అమ్మ దగ్గర ఆ పెళ్లి ఫోటో ఒక్కటి కూడా లేదు. ఇంట్లోనే ఏమైనా చేసుకోగలమా? ఫోనుతో తీస్తే సరిపోతుందా?

జవాబు: అమ్మా, ఆ రెండో స్టూడియోకి డబ్బా ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకపోతే ఆగండి. ఇచ్చి ఉంటే ఇవాళే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి, ఏమీ అనుకోరు. కడిగి స్కాన్ చేస్తాం అనే మాటలోనే వరస తిరగబడింది. ముందు స్కాన్, ఆ తర్వాతే కడగాలా వద్దా అన్న ఆలోచన. బూజుతో, బురదతో, గీతలతో ఇప్పుడు ఎలా ఉందో అలాగే ఒకసారి బొమ్మ పట్టుకోవాలి. ఎందుకంటే తడి తగిలాక ఆ నెగటివ్ ఇప్పుడున్నంత బాగా కూడా మిగలకపోవచ్చు.

ఇది పుస్తకం చదివి చెప్తున్నది కాదు. గుంటూరులో ఒక కలర్ ల్యాబులో పదకొండేళ్లు రీళ్లు కడిగినవాణ్ణి నేను, అంత అనుభవం ఉండి కూడా మా ఇంటి నెగటివ్‌నే పాడుచేసుకున్నాను. అటక మీద వాన కారి మా చెల్లి ఓణీల ఫంక్షన్ నెగటివ్‌లకి బూజు పట్టింది. మనకి తెలియని పనా అని గిన్నెలో నీళ్లు పోసి, స్ట్రిప్పు ముంచి, చూపుడువేలితో మెల్లగా ఒక్కసారి రాశాను. వేలికింద ఏదో వెన్నలా జారినట్టయింది. వెలుతురుకి పెట్టి చూస్తే మా నాయనమ్మ ముఖం ఉండాల్సిన చోట గాజులా ఖాళీ. నా వేలిమీద నారింజరంగు మరక. ఆ మరకే మా నాయనమ్మ.

అలా ఎందుకవుతుందంటే, నెగటివ్‌లో బొమ్మ ప్లాస్టిక్ మీద ఉండదు, ప్లాస్టిక్ మీద పూసిన జెలటిన్ పొరలో ఉంటుంది. మాత్రల షాపులో క్యాప్సూల్ తొడుగు చూస్తారు కదా, ఆ జెలటినే. తలవెంట్రుక మందం కూడా ఉండదు ఆ పొర. మంచి నెగటివ్‌ని నీళ్లలో ముంచితే జెలటిన్ కొంచెం ఉబ్బి, ఆరాక మళ్లీ మామూలైపోతుంది, ల్యాబులో రోజూ జరిగేది అదే. కానీ బూజుకి జెలటిన్ అంటే విందుభోజనం. అది తినేసిన చోట జెలటిన్ నీళ్లలో కరిగే సరుకుగా మారిపోతుంది. పైకి చూస్తే గట్టిగా, ఎండిపోయి, బానే ఉంటుంది. నీళ్లు తగిలాకే అసలు సంగతి బయటపడుతుంది.

ఎండలో పెట్టామని రాశారు. పెట్టకుండా ఉండాల్సింది, కానీ ఆ వారంలో సింగ్ నగర్‌లో తాగడానికి నీళ్లకే పడవల కోసం చూస్తున్న జనానికి నెగటివ్‌ల గురించి ఎవరు చెప్తారు, దాని గురించి బాధపడకండి. ఇంకెవరికైనా ఇలా జరిగితే గుర్తుపెట్టుకోవాల్సింది ఇదీ: తడిసిన నెగటివ్‌ల కట్టని కట్టగా ఆరనివ్వకూడదు, ఆరితేనే అతుక్కుంటాయి. శుభ్రమైన చల్లటి నీళ్లలో తడిగానే ఉంచి ఒకటి రెండు రోజుల్లో విడదీసి ఆరబెట్టాలి, అంత తీరిక లేకపోతే జిప్ కవర్లో పెట్టి ఫ్రీజర్లో పడేయాలి.

ఇప్పుడు మీ పని. ఒక తెల్ల దుప్పటి పరిచి, మూతికి మాస్కు, చేతికి నూలు గ్లవుజులో రబ్బరు గ్లవుజులో వేసుకుని (బూజు మీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు) అన్నిటినీ మూడు కుప్పలు చెయ్యండి. విడివిడిగా ఉన్నవి ఒకటి, అతుక్కున్న ముద్దలు ఒకటి, పుల్లటి వాసనవి ఒకటి. ఈ మూడోదాన్ని వేరే గదిలో పెట్టండి. ఎందుకో తర్వాత చెప్తాను.

విడిగా ఉన్నవాటి సంగతి ముందు చెప్తాను, ఎక్కువ ఫలితం అక్కడే. బూజు ఎండి పొడిగా ఉంటే కెమెరా షాపుల్లో దొరికే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో ఊదకండి, ఉమ్మితుంపర పడుతుంది. మెత్తటి పొడి బ్రష్ ఒక్కసారి ఆడించొచ్చు. అంతవరకే. చీర కొంగు, టిష్యూ పేపరు, కళ్లజోడు గుడ్డ, ఏదీ వద్దు. వరద నీటి ఒండ్రులో ఇసుక ఉంటుంది, గుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. కొన్ని స్ట్రిప్పులు ప్లాస్టిక్ పౌచ్‌కే అతుక్కుని ఉంటాయి, వాటిని పీకొద్దు, పౌచ్ పారదర్శకంగా ఉంటే కత్తెరతో చుట్టూ కత్తిరించి పౌచ్‌తో సహా స్కాన్ చేసుకోవచ్చు. కొంచెం మసకగా వస్తుంది, పీకితే అదీ రాదు.

ఫోను సరిపోతుందా అన్నారు. ఏ ఫ్రేములో ఎవరున్నారో చూసుకోవడానికి బ్రహ్మాండంగా సరిపోతుంది, ముందు ఆ పనే చెయ్యండి. ట్యాబ్ తెరమీద పూర్తి తెల్లటి పేజీ తెరిచి వెలుగు ఎక్కువ చేసి, నెగటివ్‌ని దానికి ఆనించకుండా రెండు పుస్తకాల మధ్య నాలుగైదు అంగుళాల ఎత్తున నిలబెట్టండి. ఆనిస్తే తెర చుక్కలన్నీ ఫోటోలో గళ్లగళ్లుగా పడతాయి. ఫ్రేము చుట్టూ ఉన్న వెలుతురుని నల్ల అట్టతో మూసేసి ఫోటో తీసి, ఫోను సెట్టింగుల్లో రంగులు తిరగేసే ఆప్షన్ ఆన్ చేసి చూడండి. నెగటివ్‌లో పళ్లు నల్లగా, జడ తెల్లగా, నుదుటి కుంకుమ పచ్చగా కనబడి దెయ్యంలా ఉన్న మనిషి తిరగేయగానే పెళ్లికూతురైపోతుంది. మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకునే చెయ్యండి ఈ పని, ఎవరెవరో ఆవిడకే తెలుస్తుంది. కానీ గోడకి తగిలించే ఫోటోకి ఫోను చాలదు.

దానికి రెండు దారులు. ఒకటి, నెగటివ్‌ల కోసం మూతలో లైటు ఉన్న ఫ్లాట్‌బెడ్ స్కానర్. కాగితాలు స్కాన్ చేసే మామూలు స్కానర్ పనికిరాదు, నెగటివ్‌లోంచి వెలుతురు దూరి రావాలి కాబట్టి. ఎప్సన్ వి600, వి850 లాంటివి ఉన్న స్టూడియోని వెతకండి. డబ్బామీద 6400 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క) అని ఉంటుంది, అంత వివరం నిజంగా రాదు, కంగారు పడకండి. నిజంగా 2400 వచ్చినా చాలు. 35 ఎంఎం ఫ్రేము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. 2400 దగ్గర దాదాపు 3400 అడ్డం, 2270 నిలువు, అంటే సుమారు 7.7 మెగాపిక్సెల్, అది పదకొండు అంగుళాల ప్రింటుకి హాయిగా వస్తుంది. రెండోది డీఎస్ఎల్ఆర్ కెమెరా, చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్సు, కింద ఎల్ఈడీ లైట్ ప్యాడ్. నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే ఉబ్బి వంకరపోయిన నెగటివ్‌కి ఫోకస్ మన చేతిలో ఉంటుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాతో ఫ్రేము నిండా తీస్తే నాలుగువేల డీపీఐ దాటుతుంది. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లలో మాక్రో లెన్సు ఉన్నవాళ్లు చాలామందే, ఉంగరాలు తీసేది దానితోనే కదా, మీ బంధువుల్లో ఎవరో ఒకరు దొరుకుతారు. కెమెరాని నెగటివ్‌కి సరిగ్గా సమాంతరంగా పెట్టడానికి ఒక చిట్కా చెప్పండి వాళ్లకి: నెగటివ్ ఉండేచోట చిన్న అద్దం పెట్టి కెమెరాలోంచి చూస్తే లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనబడాలి, పక్కకి పోతే కెమెరా వాలి ఉందని అర్థం. ఎఫ్8, ఐఎస్ఓ 100, రా ఫైలు, టైమరు పెట్టి చేయి తగలకుండా. గదిలో మిగతా లైట్లు ఆర్పేయాలి.

నెగటివ్ తిరగబడిందా లేదా అన్నది చాలామంది చూసుకోరు. అంచున ఉండే అంకెలు, కంపెనీ పేరు సరిగ్గా చదవగలిగితే మెరిసేవైపు (బొమ్మ పొర లేని ప్లాస్టిక్ వైపు) మీవైపు ఉన్నట్టు, అదే సరైన పక్క. అది గుర్తులేకపోతే మన ఆడవాళ్ల పైట చూడండి. అమ్మ పైట కుడిభుజం మీద పడిందంటే తిరగేసి స్కాన్ చేశారన్నమాట.

ఏ స్టూడియోకి ఇచ్చినా ముందు మూడు మాటలు అడగండి: జేపీజీ కాకుండా 16 బిట్ టిఫ్ ఫైళ్లు ఇస్తారా, మేం చెప్పేదాకా తడి తగలనివ్వకుండా ఉంటారా, స్ట్రిప్పుని ముక్కలు చెయ్యకుండా ఉంటారా. వీటిలో దేనికైనా విసుక్కుంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. వీలైతే ఎదురుగా కూర్చుని చేయించుకోండి.

కలర్ నెగటివ్‌లకి ఒక వరం ఉంది. మంచి ఫిల్మ్ స్కానర్లలో డిజిటల్ ఐస్ అని ఒక సదుపాయం ఉంటుంది, మామూలు వెలుతురుతోపాటు ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో ఇంకోసారి స్కాన్ చేస్తుంది. కలర్ నెగటివ్‌లో బొమ్మ రంగుల అద్దకంతో తయారైంది కదా, ఇన్‌ఫ్రారెడ్‌కి ఆ అద్దకం అడ్డం కాదు, దాటిపోతుంది. దుమ్ము, బూజు, గీత మాత్రం అడ్డుపడతాయి. ఎక్కడ అడ్డుపడిందో అక్కడే మురికి ఉందని తెలుసుకుని చుట్టుపక్కల రంగుతో పూడుస్తుంది. పెళ్లి నెగటివ్‌లకి ఇది ఆన్ చేసి ఒకటి, ఆఫ్ చేసి ఒకటి, రెండూ తీయించండి. తాతయ్య బ్లాక్ అండ్ వైట్‌కి మాత్రం కచ్చితంగా ఆఫ్ చేయించాలి. అక్కడ బొమ్మ వెండితో తయారైంది, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపేస్తుంది, దాంతో స్కానర్ పాపం తాతయ్య మీసాన్ని కూడా మురికే అనుకుని తుడిచేస్తుంది.

ఇక ముద్దలు. వీటి విషయంలో మాత్రం ఆశ వదులుకోవద్దు, తొందరా పడొద్దు. అంటార్కిటికాలో కేప్ ఎవాన్స్ అనే చోట ధ్రువయాత్రికుడు కెప్టెన్ స్కాట్ కట్టించిన గుడిసెలో ఇలాంటి నెగటివ్‌ల ముద్ద ఒకటి దొరికింది, 1914-17 మధ్య షాకల్టన్ అనే ఇంకో ధ్రువయాత్రికుడి యాత్రలో అక్కడ చిక్కుబడిపోయిన బృందం వదిలేసినవి. దాన్ని న్యూజిలాండ్‌లో నిపుణులు పొర పొరగా విడదీస్తే 22 నెగటివ్‌లు వచ్చాయి, స్కాన్ చేసి 2013లో లోకానికి చూపించారు. అంచులు పోయి, మరకలు పడి ఉన్నా మనుషులు మనుషుల్లాగే కనబడుతున్నారు. వందేళ్లు ఆగింది ఆ ముద్ద. కాకపోతే దానికి మంచు కాపలా ఉంది, మనకి విజయవాడ ఎండాకాలం ఉంది, అదీ తేడా.

ముద్దని ఇంట్లో విడదీయాలంటే ముందు పరీక్ష. అంచున రంధ్రాల వరస దగ్గర, బొమ్మ లేనిచోట, అగ్గిపుల్లతో ఒక్క చుక్క నీళ్లు పెట్టి రెండు నిమిషాలు ఆగి అదే పుల్ల మొనతో తాకండి. రంగు పుల్లకి అంటుకొస్తే ఆపెయ్యండి, ఆ ముద్ద నీళ్లకి పనికిరాదు, దాన్ని అలాగే దాచి నిపుణులకే చూపించాలి. రాకపోతే అన్నిటికన్నా తక్కువ ముఖ్యమైన ముద్దతో మొదలుపెట్టండి, తాళి కట్టే ఫ్రేములున్న దానితో కాదు. పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి, 18, 20 డిగ్రీల దగ్గర వాడండి. ట్యాంకు నీళ్లు పనికిరావు, మన దగ్గర మే నెలలో పైపులోంచి వచ్చే నీళ్లకి జెలటిన్ రసం చారులా అయిపోతుంది. వెడల్పాటి తెల్ల పళ్లెంలో ముద్ద మునిగేలా పెట్టి పావుగంటకోసారి చూడండి, మధ్యలో పళ్లేన్ని మెల్లగా ఊపండి, వేళ్లు పెట్టకండి. విడిపోయేవి వాటంతటవే మూలల దగ్గర లేస్తాయి. అప్పుడు నీళ్లలో ఉండగానే, పైకి తియ్యకుండా, ఒక పొరని పక్కకి జరిపినట్టు జరపాలి, పీకినట్టు పీకకూడదు. గంట దాటినా కదలకపోతే ఆ రోజుకి చాలించి తీసి ఆరబెట్టండి. విడిపోయిన స్ట్రిప్పులని బట్టల క్లిప్పుతో ఒక మూల పట్టి బాత్రూములో వేలాడదీసి, దుమ్ము లేవకుండా నేల తడిపి, తలుపేసెయ్యండి. ఫ్యాను, హెయిర్ డ్రయ్యర్, ఎండ, మూడూ వద్దు.

స్కాన్ అయిపోయాక కూడా బూజు గట్టిగా పట్టి ఉన్నవాటికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి కొంచెం అద్ది మెరిసేవైపు మాత్రం తుడవొచ్చు, దానిలో నీళ్లు దాదాపు ఉండవు కాబట్టి. శానిటైజర్ కూడా అదే కదా అని ఒకాయన వాడి మొత్తం జిగురు చేసుకొచ్చాడు, దానిలో నీళ్లూ ఇంకా ఏవేవో ఉంటాయి. కిటికీలు తెరిచి చెయ్యండి, దగ్గర్లో పొయ్యి గానీ అగరొత్తి గానీ ఉండకూడదు.

పుల్లటి వాసన సంగతి. తాతయ్యవాటి అంచున సేఫ్టీ అని ఇంగ్లీషులో ఉంటే అది అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్. అంచు చూస్తే ఇంకో సరదా కూడా, కోడాక్, ఓర్వో, ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసిన మన ఇందు, ఏది వాడారో తెలుస్తుంది. ఈ అసిటేట్ వేడికి, తేమకి విరిగిపోతూ అసిటిక్ ఆసిడ్, అంటే వెనిగర్ వదులుతుంది, ఆ ఆవిరి మళ్లీ ఆ విరిగిపోవడాన్నే ఇంకా వేగం చేస్తుంది. పక్కన ఉన్న మంచి నెగటివ్‌లకీ తగులుతుంది, అందుకే వేరే గదిలో పెట్టమన్నాను. ఈ జబ్బుకి మందు లేదు, వెనక్కి తిరిగి రాదు, చల్లగా ఉంచితే నెమ్మదిస్తుందే తప్ప. కాబట్టి మీ దగ్గరున్న వాటన్నిటిలో ముందు స్కాన్ చెయ్యాల్సింది వీటినే, పెళ్లివాటికన్నా ముందు. వంగి ఉంటే చేత్తో సాగదియ్యొద్దు, పెళుసుగా విరుగుతాయి. మెల్లగా వంగేంత మెత్తదనం ఉంటే వలయాలు పడనివ్వని యాంటీ న్యూటన్ గాజు కింద చదును చేసి తీయొచ్చు, మామూలు గాజు వేస్తే నీళ్లమీద నూనె తేలినట్టు రంగురంగుల వలయాలు పడతాయి. కింది ప్లాస్టిక్ కుంచించుకుపోయి పైన జెలటిన్ మడతలు మడతలుగా లేచినవాటిని గాజు కింద పెట్టకండి, ఎలా ఉన్నవాటిని అలా కెమెరాతో తీసుకోవడమే. స్కాన్ అయ్యాక రెండు జిప్ కవర్లలో గాలి తీసి ఫ్రీజర్లో పెట్టొచ్చు. బయటికి తీసినప్పుడు మాత్రం కవరు చల్లదనం పూర్తిగా పోయేదాకా, అంటే కొన్ని గంటలు, విప్పకండి.

రంగులు సరిచేసే పనికి డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నెగడాక్టర్ అని ఉంది, మీ ఇంట్లో కాలేజీ పిల్లలుంటే యూట్యూబ్ చూసి ఒక సాయంత్రంలో నేర్చుకుంటారు. స్కాన్ చేసేటప్పుడు రెండు ఫ్రేముల మధ్య ఖాళీ నారింజ పట్టీని కూడా కొంచెం కలిపి తియ్యండి, రంగు లెక్క మొదలయ్యేది ఆ పట్టీ నుంచే. బాగుచేసేటప్పుడు తెల్ల చుక్కలు కనబడితే అవి దుమ్ము, నెగటివ్ మీద ఇంకా ఉన్నాయి, ఊది మళ్లీ తీయొచ్చు. నల్లటి మచ్చలు కనబడితే అక్కడ పొర లేచిపోయింది, ఇక లేదు.

ఇప్పుడు అందరూ ఏఐ యాప్‌లో వేస్తే కొత్తదానిలా వచ్చేస్తుంది అంటారు. గోడ మీద మరక, షామియానా మీద గీత పూడ్చుకోవడానికి వాడుకోండి, నేనూ వాడతాను. ముఖాల మీద మాత్రం వాడకండి. నాన్నగారి ముఖం సగం పోయి ఉంటే ఆ మిగతా సగం అది ఎక్కడో చూసిన ముఖాలనుంచి అల్లుతుంది. కళ్లు మెరుస్తాయి, చర్మం నున్నగా ఉంటుంది, మీ అమ్మగారు చూసి ఈయనెవరు అంటారు. మొదటి స్కాన్ ఫైలుని ఏమీ చెయ్యకుండా రెండు చోట్ల దాచి, మార్పులన్నీ కాపీ మీదే చేసుకోండి.

పారేయమన్న మొదటి స్టూడియో ఆయన మాట పట్టించుకోకండి. నెగటివ్‌లో దట్టంగా ఉన్నచోట్ల ప్రింటులో ఎప్పుడూ కనబడని వివరం దాగి ఉంటుంది, అప్పట్లో ఫ్లాష్ కొట్టి తెల్లగా పోయిన పట్టుచీర అంచు స్కానింగ్‌లో బయటికి రావడం నేను చాలాసార్లు చూశాను. 36 ఫోటోల రీళ్లు ఆరేడు ఉంటే, వాటిలో సగం పోయినా వందకి పైగా మిగులుతాయి.

ముద్దలని ఫ్రిజ్ నీళ్లలో వేసేముందు రెండు వైపులా, అంచుల నుంచి కూడా ఫోటోలు తీసి నాకు పంపండి. చుక్క పరీక్షలో రంగు అంటిందో లేదో రాయండి. చూసి చెప్తాను, అప్పటిదాకా ఆ ఒక్క చుక్క తప్ప తడి తగలనివ్వకండి.